రెండు కౌంటర్లు: అమెరికాలో వలస చట్టం ఎవరి చేతిలో ఉంది?

(డాలస్ శివారులో తెలుగువాళ్ల నెలవారీ సమావేశంలో ఒక ఇమిగ్రేషన్ లాయరు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. నన్ను పిలిచినవాళ్లు రెండు షరతులు పెట్టారు. నలభై నిమిషాల్లో ముగించాలి, మధ్యలో ఎవరూ లేచి వెళ్లకూడదు. భోజనాలు నా తర్వాత పెట్టారు కాబట్టి రెండోదాని భారం వాళ్లే మోస్తున్నారు. (నవ్వులు)

లా చదవకముందు నేనూ మీలో చాలామందిలాగే హెచ్‌1బి ఉద్యోగ వీసా మీద వచ్చిన ప్రోగ్రామర్‌నే. అప్పుడు ఈ రాష్ట్రంలో ఉండేవాణ్ణి కాదు, ఎక్కడో చెప్పను. వీసా గడువు పొడిగించమని మా కంపెనీ టైముకే పిటిషన్ వేసింది. జవాబు రాలేదు. ఈలోగా ఐ-94, అంటే దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే కాగితం, గడువు దాటిపోయింది. ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ రూల్ ప్రకారం పిటిషన్ టైముకే పడితే, జవాబు కోసం ఎదురుచూస్తూ 240 రోజుల దాకా అదే కంపెనీలో పని చేసుకోవచ్చు. సరే, ఉద్యోగానికి ఢోకా లేదు. కానీ నా డ్రైవింగ్ లైసెన్స్ గడువు కూడా ఐ-94తో పాటే అయిపోయింది. లైసెన్స్ ఆఫీసుకి వెళ్లాను. కౌంటర్‌లో ఉన్న ఆవిడ కంప్యూటర్‌లో చూసి, "మీ స్టేటస్ కనబడటం లేదండీ" అంది. రసీదు చూపించాను. "ఇది రసీదు, అనుమతి కాదు" అంది. తప్పు చెప్పలేదు పాపం. ఇంట్లో మా ఆవిడది హెచ్4, నా వీసాకి ముడిపడ్డ భార్య వీసా. ఆమె లైసెన్సూ అదే రోజు పోయింది. అంటే ఉద్యోగం చేయడానికి నాకు హక్కుంది, ఆఫీసుకి కారు నడుపుకుంటూ వెళ్లడానికి లేదు. బస్సు? అమెరికా శివార్లలో బస్సు ఎంత తరచుగా వస్తుందో మీకు నేను చెప్పాలా. ఏడు వారాలు ఒక గుంటూరు కుర్రాడు నన్ను ఎక్కించుకెళ్లాడు. ఆ ఏడు వారాలూ అతని కారులో పాత పాటలు వినే భాగ్యం కూడా కలిగింది, ఎంపిక అతనిదే. (నవ్వులు)

ఆ రోజుల్లో నన్ను తొలిచేసిన ప్రశ్న ఒకటుంది. ఈ దేశంలో నేను ఉండొచ్చో లేదో చెప్పే కౌంటర్ ఒకటి. ఉన్నవాణ్ణి ఎలా బతకాలో చెప్పే కౌంటర్ ఇంకొకటి. ఈ రెండూ ఎందుకు విడిపోయాయి? ఎవరు విడదీశారు? ఆ ప్రశ్నే నన్ను లా స్కూల్‌కి తీసుకెళ్లింది.

మన దేశంలో అయితే దీనికి జవాబు ఒక్క పేజీలో దొరుకుతుంది. భారత రాజ్యాంగం ఏడో షెడ్యూల్ తీయండి. కేంద్ర జాబితాలో 17వ అంశం పౌరసత్వం, విదేశీయులు. 19వ అంశం దేశంలోకి రావడం, దేశం నుంచి పంపించడం, పాస్‌పోర్టులు, వీసాలు. రాసి పెట్టేశారు, వివాదం లేదు. అమెరికా రాజ్యాంగంలో అలాంటి జాబితా కోసం వెతక్కండి. 'ఇమిగ్రేషన్' అన్న మాటే అందులో లేదు. ఉన్నదల్లా మొదటి అధికరణంలో ఒక ముక్క: పౌరసత్వం ఇవ్వడానికి దేశమంతటికీ ఒకే నియమం పెట్టే అధికారం కాంగ్రెస్‌ది, అంటే ఇక్కడి పార్లమెంటుది. వచ్చేవాణ్ణి ఎవరు ఆపాలి, వచ్చినవాణ్ణి ఎవరు పంపాలి అన్నది రాయలేదు. మొదటి వందేళ్లూ ఎక్కువగా రాష్ట్రాలే ఆ పని చూసుకున్నాయి. న్యూయార్క్, మసాచుసెట్స్ రేవుల్లో దిగే ప్రతి మనిషి తలకూ ఓడ కెప్టెన్ల దగ్గర పన్ను వసూలు చేసేవి. 1849లో సుప్రీంకోర్టు అది కుదరదంది, అదీ 5-4 తేడాతో.

ఇప్పుడు అసలు కథకి వస్తాను. 1874 ఆగస్టు. 'జపాన్' అనే ఆవిరి ఓడ శాన్‌ఫ్రాన్సిస్కో రేవుకి వచ్చింది. అందులో చైనా నుంచి వచ్చిన ఆడవాళ్లున్నారు. కాలిఫోర్నియా రాష్ట్ర వలస కమిషనర్ ఓడెక్కి, వాళ్లలో 22 మందిని వేలు పెట్టి చూపించి, వీళ్లు నడవడిక సరిలేనివాళ్లు అన్నాడు. విచారణ లేదు, సాక్ష్యం లేదు. వాళ్ల భాష ఆయనకి రాదు, ఆయన భాష వాళ్లకి రాదు. కట్టుకున్న బట్టలు చూసి తేల్చేశాడు. ఒక్కొక్కరికీ 500 డాలర్ల బంగారం పూచీకత్తు కట్టమని, లేకపోతే దించనివ్వనని ఓడ కెప్టెన్‌తో అన్నాడు. కెప్టెన్ కట్టలేదు. ఆడవాళ్లు నిర్బంధంలో ఉండిపోయారు.

కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది. చై లంగ్ వర్సెస్ ఫ్రీమన్ అని దాని పేరు. తీర్పు 1876 మార్చిలో, ఏకగ్రీవంగా, జస్టిస్ మిల్లర్ రాశాడు. నేను చాలా తీర్పులు చదివాను కానీ ఒక జడ్జి ఇంత కోపంగా రాయడం తక్కువ చూశాను. వేలెత్తి చూపించి ఇరవై మందినో, కావాలంటే వంద మందినో పక్కకి లాగేయొచ్చు, బాండ్ వద్దనుకుంటే తనకి తోచిన మొత్తం పుచ్చుకుని వదిలేయొచ్చు, ఇది లంచాలు గుంజడానికి పెట్టిన చట్టంలా ఉందని దాదాపు తిట్టినంత పనిచేశాడు. ఇంకో ముచ్చట ఏమిటంటే, అమెరికా అటార్నీ జనరల్ స్వయంగా వచ్చి వాదించాడు, కాలిఫోర్నియా తరఫున వాదించడానికి ఒక్కడూ రాలేదు. ఆ సంగతి కూడా మిల్లర్ తీర్పులో ఎక్కించాడు.

ఆయన వేసిన ప్రశ్న ఈ రోజుకీ పనిచేస్తుంది. ఒక రాష్ట్రపు కమిషనర్ వేరే దేశం పౌరుల్ని అవమానించాడు. ఆ దేశం కోపగించుకుని యుద్ధానికో, రాకపోకలు ఆపడానికో సిద్ధపడితే, కష్టపడేది కాలిఫోర్నియా ఒక్కటేనా, దేశం మొత్తమా? మొత్తం దేశం అనుభవించాల్సి వస్తే, ఆ పని మొత్తం దేశం తరఫున చేయాల్సిందే. వలస మీద ఫెడరల్ అధికారానికి పునాది ఇది. గమనించండి, వచ్చినవాళ్ల మీద దయతో వేసిన పునాది కాదు. పొరుగు దేశాలతో గొడవ రాకుండా చూసుకోవడానికి వేసింది.

దయ ఎంతుందో వెంటనే తెలిసింది. సుప్రీంకోర్టు దాకా వెళ్లకముందే శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫెడరల్ సర్క్యూట్ కోర్టులో కూర్చుని, ఆ రాష్ట్ర చట్టం చెల్లదని తేల్చిన జడ్జి పేరు స్టీఫెన్ ఫీల్డ్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. 1882లో కాంగ్రెస్ చైనా కూలీల రాక మీద నిషేధం పెట్టింది. చే చాన్ పింగ్ అనే కూలీ శాన్‌ఫ్రాన్సిస్కోలో పన్నెండేళ్లు పనిచేసి, తిరిగి రావచ్చని ఫెడరల్ ప్రభుత్వమే ఇచ్చిన సర్టిఫికెట్ పట్టుకుని 1887లో ఊరెళ్లాడు. 1888 అక్టోబర్‌లో తిరిగొచ్చేసరికి, అంతకు వారం ముందే కాంగ్రెస్ ఆ సర్టిఫికెట్లన్నీ రద్దు చేసేసింది. ఆయన ఇంకా సముద్రం మీదే ఉన్నాడు! వీసా స్టాంపింగ్‌కి హైదరాబాద్ వెళ్లి ఇరుక్కుపోయినవాళ్లు ఇక్కడ కొందరున్నారు, మీకు ఆ కడుపులో తిప్పడం ఏమిటో తెలుసు. 1889లో సుప్రీంకోర్టు చే చాన్ పింగ్‌కి చెప్పిందేమిటంటే, ఎవర్ని రానివ్వాలో వద్దో తేల్చుకోవడం దేశపు సార్వభౌమాధికారం, అందులో మేం తలదూర్చం అని. ఆ తీర్పు రాసింది ఎవరు? స్టీఫెన్ ఫీల్డే. కాలిఫోర్నియా చేతిలోంచి ఆ ఆడవాళ్లని విడిపించిన మనిషే, పదిహేనేళ్ల తర్వాత ఆ కూలీని వాషింగ్టన్ చేతిలో పెట్టేశాడు. రాష్ట్రాన్ని ఆపిన కత్తే ఇటు తిరిగింది.

రాష్ట్రాలు మాత్రం ఊరుకోలేదు. గుమ్మం దగ్గర ఆపే అధికారం పోతే, గుమ్మం దాటినవాడి జీవితాన్ని ఇరుకు చేసే దారి వెతికాయి. 1913లో, మళ్లీ 1920లో కాలిఫోర్నియా ఒక భూమి చట్టం చేసింది. 'పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు' భూమి కొనకూడదు. జపనీయులు, భారతీయులు అని పేర్లు రాయలేదు. అవసరం ఏముంది? అర్హత లేనివాళ్లెవరో ఫెడరల్ చట్టమే తేల్చి పెట్టింది కదా. వాషింగ్టన్ గీసిన గీత మీదే కాలిఫోర్నియా తన గోడ కట్టుకుంది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో, ఆయన అమెరికా సైన్యంలో పనిచేసినవాడే, భారతీయులు 'తెల్లవాళ్లు' కారు కాబట్టి పౌరసత్వానికి పనికిరారని సుప్రీంకోర్టు అంది. అంతటితో అప్పటికే పౌరసత్వం వచ్చినవాళ్లకీ తీసేయడం మొదలైంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణం పెట్టుకున్న వైష్ణో దాస్ బగాయ్ పౌరసత్వం పోయింది, దాంతో కాలిఫోర్నియా చట్టం కింద ఆస్తి పోయింది. రెండు కౌంటర్లూ కలిసి మూసుకుపోయాయి. 1928లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. మళ్లీ భారతీయులకి పౌరసత్వం తలుపు తెరిచింది 1946లో, ఏడాదికి వంద మంది కోటాతో. ఆ భూమి చట్టాన్ని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1952లో కొట్టేసింది. మన తెలుగువాళ్లం ఇవన్నీ అయిపోయాక వచ్చాం కాబట్టి ఈ దేశంలో చరిత్ర, వలస తలుపులు తెరుచుకున్న 1965 నుంచే మొదలైనట్టు మాట్లాడుకుంటాం. నాకది చిరాకు.

సరే, ముందుకెళ్దాం. 1939లో పెన్సిల్వేనియా ఒక చట్టం తెచ్చింది. విదేశీయులంతా ఏటా పేరు నమోదు చేయించుకుని, ఒక డాలర్ ఫీజు కట్టి, కార్డు ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాలి. కారు రిజిస్ట్రేషన్‌కీ, డ్రైవింగ్ లైసెన్స్‌కీ ఆ కార్డు చూపించాలి. అవును, అప్పటికే డ్రైవింగ్ లైసెన్స్! మరుసటి ఏడాది కాంగ్రెస్ తన సొంత నమోదు చట్టం చేసింది. 1941లో సుప్రీంకోర్టు, కాంగ్రెస్ ఒక పూర్తి పద్ధతి పెట్టాక దాని పక్కనే రాష్ట్రం ఇంకోటి నడపకూడదంది. దీన్నే మా లాయర్లు ప్రీఎంప్షన్ అంటారు. ఊరి చెరువుకి ప్రభుత్వం తూము కట్టాక, మా పొలం వైపు నేనో గండి కొట్టుకుంటానంటే ఒప్పుకోరు. మంచి ఉద్దేశంతో కొట్టినా సరే.

అరిజోనా దగ్గరికి వచ్చేద్దాం, మీలో చాలామందికి గుర్తున్నదే. 2010 ఏప్రిల్ 23న గవర్నర్ జాన్ బ్రూవర్ సంతకం పెట్టిన ఎస్‌బి 1070 అనే రాష్ట్ర చట్టం. ఫెడరల్ ప్రభుత్వం సరిహద్దు చూసుకోవడం లేదు కాబట్టి మేమే చూసుకుంటాం అన్నది వాళ్ల మాట. అరిజోనా కోపం ఉత్తిది కాదు, అది ఒప్పుకోవాలి. ఎడారిలో శవాలు దొరికేది వాళ్ల కౌంటీల్లో, ఆసుపత్రి బిల్లులు వాళ్ల మీద. ఫీనిక్స్‌లో ఉన్న నా స్నేహితుడు ఆ వేసవంతా పాస్‌పోర్టు కారులో పెట్టుకు తిరిగాడు. ఎండకి దాని అట్ట వంకర తిరిగింది. తర్వాత ఎయిర్‌పోర్టులో వాళ్లు అదేమిటని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదట. (నవ్వులు)

2012 జూన్ 25న సుప్రీంకోర్టు 5-3తో తీర్పిచ్చింది. జస్టిస్ కెనడీ రాశాడు. నాలుగు సెక్షన్లలో మూడు కొట్టేశారు. కాగితాలు దగ్గర లేకపోవడాన్ని రాష్ట్ర నేరం చేయడం చెల్లదు. అనుమతి లేకుండా పని చేసినవాణ్ణి, పని అడిగినవాణ్ణి జైల్లో పెట్టడం చెల్లదు, ఎందుకంటే 1986లో కాంగ్రెస్ బాగా ఆలోచించి, పనిలో పెట్టుకున్న యజమానినే శిక్షించాలనుకుంది, పనివాణ్ణి కాదు. దేశం నుంచి పంపించదగ్గవాడని తోస్తే చాలు వారెంట్ లేకుండా పోలీసు పట్టుకోవడం చెల్లదు. మిగిలిన ఒక్కటి, వేరే కారణంతో ఆపిన మనిషి మీద అనుమానం వస్తే స్టేటస్ కనుక్కోమనే సెక్షన్, దాన్ని అప్పటికి ఉండనిచ్చారు. జస్టిస్ స్కలియా తన అసమ్మతిని కోర్టులో పైకి చదివి వినిపించాడు. ఇలాంటి తీర్పు రాజ్యాంగంలోనే రాసి ఉంటే రాష్ట్రాలు అసలు యూనియన్‌లో చేరేవా అని అడిగాడు. ఆయన పేరు కూడా గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

అంతకు ఏడాది ముందే అదే అరిజోనా ఇంకో కేసు గెలిచింది, అది ఎవరికీ గుర్తుండదు. 2007లో చేసిన చట్టం ప్రకారం రాష్ట్రంలో ప్రతి యజమానీ ఈ-వెరిఫై, అంటే పనివాడికి అనుమతి ఉందో లేదో చూసే ఫెడరల్ కంప్యూటర్ పద్ధతి, వాడాలి, తెలిసి తెలిసి అనుమతి లేనివాళ్లని పెట్టుకుంటే వ్యాపార లైసెన్సే పోతుంది. 2011లో సుప్రీంకోర్టు సరేనంది. ఎందుకంటే లైసెన్సులు ఇవ్వడం, తీసేయడం రాష్ట్రాల పని అని కాంగ్రెసే ఒక సందు వదిలింది. చూశారా, మళ్లీ లైసెన్స్ కౌంటరే. మన పిల్లలు చదువయ్యాక పనిచేయడానికిచ్చే స్టెమ్ ఓపీటీ అనుమతి కోసం ఈ-వెరిఫై ఉన్న కంపెనీ వెతుక్కుంటారు కదా, ఆ మిషను ఇదే.

ఇక మన టెక్సస్. 1975లో ఈ రాష్ట్రం, కాగితాలు లేని పిల్లల చదువుకి స్కూళ్లకి డబ్బు ఇవ్వనంది. టైలర్ ఊరి స్కూళ్లు ఒక్కో పిల్లకీ వెయ్యి డాలర్లు అడిగాయి. 1982లో సుప్రీంకోర్టు 5-4తో అది కుదరదంది. ఇక్కడ గెలిపించింది ఫెడరల్ అధికారం కాదు, సమాన రక్షణ హక్కు. అందుకే దీని మీద ఎక్కువ సేపు ఆగను.

2023 డిసెంబర్‌లో గవర్నర్ అబాట్ ఎస్‌బి 4 మీద సంతకం పెట్టాడు. సరిహద్దు అక్రమంగా దాటడం రాష్ట్ర నేరం, రాష్ట్ర జడ్జే మెక్సికోకి వెళ్లిపొమ్మని ఆదేశించొచ్చు. 2024 ఫిబ్రవరి 29న ఆస్టిన్‌లో ఫెడరల్ జడ్జి డేవిడ్ ఎజ్రా ఆపేశాడు. మార్చి 19 మధ్యాహ్నం సుప్రీంకోర్టు అమలు కానివ్వమంది, అదే రాత్రి ఐదో సర్క్యూట్ అప్పీల్ కోర్టు మళ్లీ ఆపింది. ఆ కొన్ని గంటలూ మా లాయర్ల ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. నాకు ఫోన్ చేసినవాళ్లలో హెచ్‌1బి వాళ్లూ ఉన్నారు, వాళ్లకి ఆ చట్టంతో సంబంధమే లేదు. టెన్షన్‌కి స్టేటస్ ఉండదు. ఆ రోజే మెక్సికో ప్రభుత్వం, టెక్సస్ పంపించే మనుషుల్ని మేం తీసుకోం అని ప్రకటించింది. జస్టిస్ మిల్లర్ 1876లో అడిగిన ప్రశ్న అదే కదా. పంపిస్తాననడం టెక్సస్ వంతు, అవతలివాడు తలుపు వేస్తే తట్టాల్సింది మాత్రం వాషింగ్టనే.

ఇప్పుడు ఇటువైపు చూద్దాం, ఎందుకంటే కొందరి మొహాల్లో 'ఈయన ఫెడరల్ పక్షం' అన్న తీర్పు నాకు కనబడుతోంది. 1997లో ఒక తుపాకుల కేసు వచ్చింది. తుపాకీ కొనేవాళ్ల వివరాలు స్థానిక షెరీఫులు తనిఖీ చేయాలని కాంగ్రెస్ చట్టం చేస్తే, మోంటానా షెరీఫ్ జే ప్రింట్జ్, అరిజోనా షెరీఫ్ ఒకాయన, మేం మీ జీతగాళ్లం కాదన్నారు. సుప్రీంకోర్టు షెరీఫుల వైపు నిలబడింది. ఫెడరల్ ప్రభుత్వం తన చట్టాన్ని తన మనుషులతో అమలు చేసుకోవాలి, రాష్ట్ర ఉద్యోగులకి పని పురమాయించకూడదు. ఆ తీర్పు రాసింది స్కలియా. తుపాకీ ప్రియులు పండగ చేసుకున్నారు.

ఇరవై ఏళ్లకి, 2017లో, కాలిఫోర్నియా ఎస్‌బి 54 చేసింది. మా పోలీసులు ఐస్, అంటే ఫెడరల్ వలస పోలీసు విభాగం, ఏజెంట్ల పని చేయరు, ఒక పరిమితి దాటి మనుషుల్ని అప్పగించరు అని. ఫెడరల్ ప్రభుత్వం కేసు వేస్తే కాలిఫోర్నియా పట్టుకున్న ఆయుధం ఏది? ప్రింట్జ్ తీర్పే. 2019లో తొమ్మిదో సర్క్యూట్ ఆ చట్టాన్ని నిలబెట్టింది, మరుసటి ఏడాది సుప్రీంకోర్టు కేసు తీసుకోనంది. ఐస్‌కి సాయం చేయని శాంక్చువరీ నగరాల మీద టీవీలో మీరు చూసే గొడవంతా ఈ స్కలియా మాట మీద నిలబడి ఉంది. ఇందులో ఒక మెలిక ఉంది. వాషింగ్టన్ మన షెరీఫ్‌కి ఆజ్ఞ ఇవ్వడానికి వీల్లేదు కానీ, ఆస్టిన్‌లోని మన రాష్ట్ర ప్రభుత్వం ఇవ్వగలదు. టెక్సస్ 2017లోనే నగరాలు ఐస్‌కి సహకరించి తీరాలంది, 2025లో జైళ్లు నడిపే షెరీఫులు 287(జి) ఒప్పందం అడగాలని ఇంకో చట్టం తెచ్చింది. ఆ సెక్షన్ 1996 నాటిది. స్థానిక పోలీసుకి శిక్షణ ఇచ్చి, ఐస్ పర్యవేక్షణలో కొంత వలస పని అప్పగిస్తుంది. అంటే రాష్ట్రం సొంతంగా వలస చట్టం చేయడానికి వీల్లేదు, పిలిస్తే కూలికి మాత్రం వెళ్లొచ్చు.

ఏ ఎండకా గొడుగు పట్టేవాళ్లు రెండు పార్టీల్లోనూ ఉన్నారు. శ్వేతసౌధంలో మనవాడుంటే ఫెడరల్ అధికారం పవిత్రం, పరాయివాడుంటే రాష్ట్రాల హక్కులు పవిత్రం. నా దగ్గరికొచ్చే క్లయింట్లూ అంతే. నేను మాత్రం ఒక్కటే చూస్తాను: ఈ కాగితం ఏ కౌంటర్‌ది?

ప్రశ్నలకి పది నిమిషాలుంది. చెప్పండమ్మా.

(సభలో ఒకామె: అన్నయ్యగారూ, మా అత్తగారు, మామగారు విజిటర్ వీసా మీద వచ్చారు. ఉదయం వాకింగ్‌కి వెళ్తారు. పోలీసు ఆపి కాగితాలు అడిగితే?)

మంచి ప్రశ్న. ఈ సభలో సగం మందిది ఇదే ప్రశ్న, అడగడానికి మొహమాటం. పద్దెనిమిదేళ్లు దాటిన విదేశీయులు నమోదు ఆధారం దగ్గర పెట్టుకోవాలని ఫెడరల్ చట్టం 1952 నుంచీ ఉంది. ఏళ్ల తరబడి దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2025 ఏప్రిల్ నుంచి దాన్ని మళ్లీ దుమ్ము దులిపి బయటికి తీశారు. వాళ్లకి ఐ-94 ఉంటే నమోదు అయినట్టే లెక్క. వెబ్‌సైట్‌లోంచి అది ప్రింట్ తీసి, మామగారి జేబులో ఒకటి, అత్తగారి పర్సులో ఒకటి పెట్టండి. పాస్‌పోర్టు పోతే కష్టం కాబట్టి ఉదయం పార్కుకి కాపీ చాలనే నేను నా వాళ్లకి చెబుతాను, అది నా సొంత సలహా.

(అదే ఆమె: మరి ఊరి పోలీసుకి అడిగే హక్కుందా?)

అడగొచ్చు. ఆ కాగితం లేదని రాష్ట్ర నేరం కింద కేసు మాత్రం పెట్టలేడు, అరిజోనా కేసులో కొట్టేసింది సరిగ్గా అదే. కానీ ఐస్‌కి ఫోన్ చేయగలడు. అందుకని హక్కుల సంగతి మామగారికి తర్వాత చెప్పండి, ముందు ప్రింట్ తీయండి. రెండు కాపీలు. లామినేషన్ అక్కర్లేదు, గడువు మారుతుంది.

వెనక వరసలో ఎవరో చెయ్యెత్తారు... ఓ, మీరా. ఏడు వారాలు నన్ను కారులో తిప్పినాయన వీరే అండీ. (చప్పట్లు) ఆయన అడిగేది చట్టం గురించి కాదు, పులిహోర అయిపోతోందని చెబుతున్నాడు. పదండి.